ఆసుపత్రిలో పొగ ఆపే పని గార్డుది కాదు

ఆసుపత్రి ఆవరణలో ఎవరూ పొగ తాగకూడదు. భవనం లోపల సరే, గేటు దాటి వచ్చిన దగ్గర్నుంచి పార్కింగ్‌లో, చెట్ల కింద, వెనక మెట్ల మీద, టెర్రస్ మీద, ఎక్కడా తాగకూడదు. ఈ విషయంలో నాకు రెండో మాట లేదు. కానీ ఈ నిషేధాన్ని ఆసుపత్రులు అమలు చేసే తీరు చూస్తే కోపం వస్తుంది. గోడకు ఒక బోర్డు పెడతారు, గేటు దగ్గర ఒక సెక్యూరిటీ గార్డును నిలబెడతారు, పని అయిపోయిందనుకుంటారు. ఆ తర్వాత ఎవరైనా సిగరెట్ కాలిస్తే తప్పు కాల్చినవాడిది, లేదా పట్టుకోలేకపోయిన గార్డుది. ఆసుపత్రికి మాత్రం ఏ బాధ్యతా ఉండదు.

నేను నర్సుని. సర్జికల్ వార్డులోనూ, ఛాతీ జబ్బుల వార్డులోనూ పనిచేశాను. పొగ అలవాటున్న మనిషి అడ్మిట్ అయిన మొదటి రాత్రి ఎలా గడుస్తుందో నాకు తెలుసు. ఆ రాత్రి అతనితో పాటు మేలుకుని ఉండేది మేమే కదా. ఆవరణలో పొగ ఆపడం వైద్యం చేసేవాళ్ల పని అని నేనంటున్నది అందుకే. అది అడ్మిషన్ జరిగిన గంటలోనే, కేస్ షీటు మీద మొదలవ్వాలి. గార్డు, బోర్డు, జరిమానా అన్నీ దాని తర్వాతే.

ఒంట్లోకి వెళ్లిన నికోటిన్ ఎక్కువసేపు నిలవదు. సుమారు రెండు గంటలకోసారి రక్తంలో దాని మోతాదు సగానికి పడిపోతుంది. రోజంతా కాల్చే అలవాటున్న మనిషికి కొన్ని గంటలు సిగరెట్ లేకపోతే చిరాకు, కుదురు లేకపోవడం, ఏ పని మీదా మనసు నిలవకపోవడం, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. మొదటి రెండు మూడు రోజులు ఇవి బాగా ఎక్కువగా ఉంటాయి. పూర్తిగా సర్దుకోవడానికి రెండు నుంచి నాలుగు వారాలు పట్టొచ్చు. ఇప్పుడు అదే మనిషిని మంచం మీద ఊహించుకోండి. అప్పటికే నొప్పి ఉంది, రేపు ఏం చెబుతారోనన్న భయం ఉంది, ఇంటి గురించి టెన్షన్ ఉంది. బీపీకి మాత్ర, షుగర్‌కి ఇన్సులిన్, నొప్పికి ఇంజెక్షన్ మేం టైముకు ఇస్తాం. నికోటిన్ లేక అల్లాడిపోతున్నందుకు మాత్రం ఏమీ ఇవ్వం. పైగా "బోర్డు చూడలేదా?" అంటాం.

అడ్మిషన్ అప్పుడు అడగడం లేదా అంటే అడుగుతాం. "అలవాట్లేమైనా ఉన్నాయా?" అంటాం. ఉందంటే షీటులో "స్మోకర్" అని రాసి ముందుకు వెళ్లిపోతాం. ఇంకొక్క ప్రశ్న అడిగితే చాలా తెలుస్తుంది: పొద్దున లేచిన ఎంతసేపటికి మొదటి సిగరెట్ ముట్టిస్తారు? అరగంట లోపే అంటే ఆ మనిషికి అలవాటు గట్టిగా పట్టేసిందని అర్థం. అయిదు నిమిషాల్లోపే అంటే ఈ రాత్రి అతను మంచం మీద ఉండడని ముందే అనుకోవచ్చు. అతనికి కావలసింది నికోటిన్ ప్యాచ్, అంటే చర్మానికి అంటించే పట్టీ, దానితో పాటు గమ్ గానీ చప్పరించే బిళ్ల గానీ. ప్యాచ్ నుంచి మందు నెమ్మదిగా ఎక్కుతుంది, పూర్తిగా పనిచేయడానికి గంటలు పడుతుంది. గమ్ కాస్త త్వరగా అందుకుంటుంది, ఆపుకోలేని నిమిషంలో అదే ఆదుకుంటుంది. ఒక్కటే ఇచ్చినదానికంటే రెండూ కలిపి ఇస్తే మానేసేవాళ్లు ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే నికోటిన్ ప్యాచ్‌నూ గమ్‌నూ అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. అయినా ఎన్నో వార్డుల మందుల అలమరాలో అవి కనిపించవు.

గమ్ గురించి చిన్న మాట. మామూలు చూయింగ్ గమ్‌లా నమిలేస్తే నోరు మండుతుంది, వెక్కిళ్లొస్తాయి, రోగి ఉమ్మేసి "ఇదేం మందమ్మా" అంటాడు. ఘాటు తగిలేదాకా నెమ్మదిగా నమిలి, బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకుని ఆగాలి. ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. ఇది చూపించడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలు లేకపోతే గమ్ కొని పెట్టినా లాభం లేదు.

ఇవేవీ చేయని వార్డులో ఏమవుతుందో చెబుతాను. రాత్రి అందరూ పడుకున్నాక అతను సెలైన్ స్టాండు పట్టుకుని మెట్లు దిగుతాడు. దిగలేనివాడు బాత్రూమ్‌లోకి వెళ్లి గడియ పెట్టుకుంటాడు. నాకు అన్నిటికంటే భయం ఈ రెండోదంటేనే. ఆక్సిజన్ తనంతట తాను మండదు కానీ మండే దేన్నైనా ఉధృతంగా మండిస్తుంది. ఆక్సిజన్ మీద ఉన్న మనిషి గౌనులో, దుప్పటిలో, జుట్టులో అది చేరి ఉంటుంది. మాస్కు తీసి పక్కన పెట్టినా కాసేపు అలాగే ఉంటుంది. అగ్గిపుల్ల గీసిన క్షణంలో మొహం కాలిపోయే ప్రమాదం ఉంది, వార్డుకే ప్రమాదం ఉంది. గార్డును ఎంత కఠినంగా పెడితే అంతమంది లోపలికి, గడియ వెనక్కి వెళతారు. మందు ఇవ్వకుండా కాపలా మాత్రమే పెంచే ఆసుపత్రి ఈ ముప్పును తానే కొనితెచ్చుకుంటోంది.

పొగాకు నియంత్రణ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పందం 2005లో అమల్లోకి వచ్చింది. దాని 8వ అధికరణం ఇతరుల పొగ నుంచి జనాన్ని కాపాడమంటుంది. 14వ అధికరణం మానేయాలనుకునేవాళ్లకు సాయం చేయమంటుంది. ఆ సాయం అందాల్సిన చోట్లలో ఆరోగ్య కేంద్రాలను పేరుపెట్టి చెప్పింది. ఆసుపత్రులు 8వ దాన్ని చదివి బోర్డులు రాయించాయి. 14వది వాళ్ల దృష్టికి రాలేదో, వచ్చినా ఖర్చు, శ్రమ అనుకున్నారో గానీ, అది కాగితం మీదే ఆగిపోయింది. నా దృష్టిలో రెండోది లేకుండా మొదటిది అమలు కాదు.

అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపు ఇచ్చే జాయింట్ కమిషన్ 1992లో భవనాల లోపల పొగ ఉండకూడదని నియమం పెట్టింది. అది పెద్ద మార్పే. అంతకుముందు డాక్టర్ల గదుల్లోనూ, వెయిటింగ్ హాళ్లలోనూ యాష్‌ట్రేలు ఉండేవి. కానీ లోపల వద్దన్న ప్రతి చోటా ఒకటే జరిగింది: కాల్చేవాళ్లందరూ గుమ్మం బయటకు వచ్చి నిలబడ్డారు. అంబులెన్సు ఆగే చోట, వీల్‌చైర్లు ఎక్కే ర్యాంపు దగ్గర, ఆస్తమాతో ఆయాసపడుతూ వచ్చే పిల్లలు దాటే చోట. అక్కడి నుంచే మొత్తం ఆవరణను నిషేధించాలన్న ఆలోచన బలపడింది.

ఆరుబయట తాగితే ఎవరికి నష్టం అని అడిగేవాళ్లకు నిజాయితీగా జవాబు చెప్పాలి. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2007లో ఆరుబయటి పొగను కొలిచారు. కాల్చే మనిషికి అర మీటరు దూరంలో, గాలి అటే వీస్తుంటే, పొగ గదిలో ఉన్నంత ఎక్కువగా ఉండొచ్చని తేలింది. రెండు మీటర్లు దాటితే బాగా తగ్గిపోతుంది, సిగరెట్ ఆర్పగానే గాలి మళ్లీ శుభ్రపడుతుంది. కాబట్టి ఆవరణలో దూరంగా మూల నిలబడి ఒకడు కాలిస్తే మూడో అంతస్తులో రోగికి ఊపిరాడదని నేను అనను. గుమ్మాల దగ్గర, కిటికీల కింద, ఏసీ గాలి లాక్కునే చోట నష్టం ఉంది. మిగతా ఆవరణను నిషేధించడానికి నా కారణం వేరు. ఆ మూల నిలబడ్డవాడు చాలాసార్లు మా రోగే.

అతనికి ఆపరేషన్ అయి ఉండొచ్చు. సిగరెట్‌లోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నికోటిన్ సన్న రక్తనాళాలను బిగిస్తుంది. పుండు మానడానికి పనికొచ్చే ఆక్సిజన్ దానికి అందాల్సిన సమయంలో అందదు. డెన్మార్క్‌లో మోకాలి, తుంటి మార్పిడి చేయించుకోబోయే 120 మందితో చేసిన అధ్యయనం 2002లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. ఆపరేషన్‌కు 6 నుంచి 8 వారాల ముందు నుంచే కొందరికి నర్సుల సలహా, నికోటిన్ మందులు ఇచ్చి మానిపించారు, లేదా సగానికి తగ్గించారు. వాళ్లలో 18 శాతం మందికి ఆపరేషన్ తర్వాత ఏదో ఒక ఇబ్బంది వచ్చింది. అలాంటి సాయం లేనివాళ్లలో 52 శాతం మందికి వచ్చింది. పుండుకు సంబంధించిన ఇబ్బందులు మాత్రమే చూస్తే 5 శాతం, 31 శాతం.

ఈ అంకెలు చూసినప్పుడల్లా నాకు ఓపీ గుర్తొస్తుంది. ఆపరేషన్ తేదీ ఇచ్చే రోజే ఆ రోగి మా ఎదురుగా కూర్చుని ఉంటాడు. రక్తపరీక్షలు రాస్తాం, ఈసీజీ రాస్తాం, ఏ మందులు ఎప్పుడు ఆపాలో రాస్తాం. "మా ఆవరణలో పొగ తాగనివ్వం, ఇక్కడున్నన్ని రోజులూ మీకు ఇబ్బంది లేకుండా మందు ఇస్తాం, ఇప్పటి నుంచే మొదలుపెడదామా?" అని ఆ రోజే అడగొచ్చు. నిషేధం సంగతి రోగికి తెలియాల్సింది అప్పుడు.

ఇక గార్డు సంగతి. ఆసుపత్రిలో అతి తక్కువ జీతానికి, అతి ఎక్కువ గంటలు పనిచేసేవాళ్లలో అతనొకడు. చాలాసార్లు కాంట్రాక్టు మనిషి. అతన్ని మనం ఆపమంటున్నది ఎవరిని? కొడుకు ఐసీయూలో ఉన్న తండ్రిని. కోపంతో ఊగిపోతున్న బంధువుల గుంపును. అన్నిటికంటే కష్టం, మెట్ల మలుపులో సిగరెట్ పట్టుకున్న పెద్ద డాక్టరును. ఆ డాక్టరు తనను ఆపినందుకు చిన్నబుచ్చుకుని ఒక్క మాట అంటే గార్డు ఉద్యోగమే పోవచ్చు. ఇది అతనికి తెలుసు, డాక్టరుకూ తెలుసు. చూసీ చూడనట్టు పక్కకు తిరిగే గార్డును నేను తప్పుపట్టలేను. స్టాఫ్ కాల్చడం ఆగాలంటే ఆ మాట సూపరింటెండెంటు నోటి నుంచి రావాలి, అది అందరికీ ఒకేలా వర్తించాలి. మానాలనుకునే స్టాఫ్‌కు కూడా ప్యాచ్, గమ్ ఆసుపత్రే ఇవ్వాలి. ఒక రోగి తన డాక్టరు కిందికి దిగి కాల్చడం చూశాడంటే, ఆ రోజు నేను మంచం పక్కన చెప్పిన మాటలన్నీ గాలికి పోయినట్టే.

చట్టాలు కూడా ఈ బాధ్యతను పైవాళ్ల మీదే పెట్టాయి, మనమే దాన్ని కిందికి తోశాం. స్కాట్లాండ్‌లో 2022 సెప్టెంబరు నుంచి ప్రభుత్వ ఆసుపత్రి భవనాలకు 15 మీటర్ల లోపు పొగతాగడం నేరం. కాల్చినవాళ్లకే కాదు, తెలిసీ కాల్చనిచ్చిన నిర్వాహకులకూ శిక్ష ఉంది, అదీ ఇంకా పెద్ద జరిమానా. వేల్స్ 2021 మార్చిలోనే ఆసుపత్రి ఆవరణలను చట్టం కిందికి తెచ్చింది. భారతదేశంలో 2008 నాటి నిబంధనలు బహిరంగ స్థలాల్లో ఎవరికి ఫిర్యాదు చేయాలో ఆ వ్యక్తి పేరు కనిపించేలా రాయమన్నాయి. ఫిర్యాదు వచ్చినా పట్టించుకోని నిర్వాహకుడి మీద, ఎన్ని నేరాలు జరిగితే అన్నిటి లెక్కన జరిమానా వేయొచ్చన్నాయి. ఆ పేరు రాసే ఖాళీ గడిలో ఏముంటుందో చూడండి. చాలాసార్లు ఖాళీయే ఉంటుంది. నన్నడిగితే అక్కడ ఆసుపత్రి అధిపతి పేరే ఉండాలి, ఫోన్ నంబరుతో సహా.

గార్డుకు పని లేదని కాదు. అతని పని దారి చూపించడం. "ఇక్కడ తాగకూడదండీ. ఇబ్బందిగా ఉంటే హెల్ప్ డెస్క్ దగ్గర గమ్ ఇస్తారు, రండి" అనగలిగే స్థితి అతనికి ఉండాలి. చేతిలో ఇవ్వడానికి ఏదో ఒకటి ఉన్న మనిషి మాట్లాడే తీరు వేరు, వినేవాడి తీరు కూడా వేరు. వినకపోతే వాదించకుండా ఎవరికి ఫోన్ చేయాలో అతనికి తెలిసి ఉండాలి. ఆ ఫోన్ ఎత్తేవాళ్లు రాత్రి రెండు గంటలకు కూడా ఉండాలి. జరిమానా ఆఖరి మెట్టుగా ఉండొచ్చు, కానీ అది రోగుల మీద వాడకూడదు. ఒకసారి జరిమానా కట్టించుకున్న రోగి తర్వాత మాకు నిజం చెప్పడు, మత్తు ఇచ్చే డాక్టరుకు కూడా చెప్పడు.

మానసిక వైద్యశాలల్లో ఇది అసాధ్యమని ఎప్పుడూ వినే మాట. అక్కడ సిగరెట్ ఆపితే గొడవలు పెరుగుతాయంటారు. లండన్‌లోని సౌత్ లండన్ అండ్ మాడ్‌స్లీ సంస్థ 2014 అక్టోబరులో తన ఆసుపత్రులన్నిటి ఆవరణల్లో పొగ ఆపేసింది. ఊరికే ఆపలేదు, నికోటిన్ మందులు, శిక్షణ పొందిన సిబ్బంది, ముందస్తు ఏర్పాట్లు అన్నీ చేసుకుంది. 2017లో వచ్చిన విశ్లేషణ ప్రకారం శారీరక దాడులు 39 శాతం తగ్గాయి. మొదట నాకు ఆశ్చర్యం అనిపించింది కానీ, ఆలోచిస్తే అర్థమవుతుంది. తాగనిచ్చే వార్డులో రోజంతా అదే బేరం నడుస్తుంది: ఎప్పుడు తీసుకెళతావు, ఎందుకు ఆలస్యం, వాడికిచ్చి నాకెందుకివ్వలేదు. సిగరెట్ కోసం ఒకరినొకరు బెదిరించుకోవడం, అప్పులు. ఆ బేరమే లేకుండా పోతే దాని చుట్టూ ఉన్న కొట్లాటలూ పోతాయి.

కానీ ఇక్కడే వైద్యులు తప్ప ఇంకెవరూ చేయలేని పని ఒకటుంది. పొగలోని తారు పదార్థాలు కాలేయంలో ఒక ఎంజైమును చురుగ్గా ఉంచుతాయి. క్లోజాపిన్, ఒలాంజపిన్ లాంటి మానసిక జబ్బుల మందులను, ఆయాసానికి వాడే థియోఫిలిన్‌ను ఆ ఎంజైమే కరిగించేస్తుంది. సిగరెట్ ఒక్కసారిగా ఆపితే కొద్ది రోజుల్లోనే ఆ మందులు రక్తంలో పేరుకుపోతాయి. అదే మోతాదు ఇప్పుడు ఎక్కువైపోతుంది: మత్తుగా పడి ఉండటం, ఒక్కోసారి ఫిట్స్. ఇది నికోటిన్ వల్ల జరిగేది కాదు కాబట్టి ప్యాచ్ వేసినా ఈ మార్పు ఆగదు. మోతాదు తగ్గించాలి, రక్తపరీక్ష చేయాలి. డిశ్చార్జి అయ్యాక మళ్లీ కాల్చడం మొదలుపెడితే అంతా తిరగబడుతుంది. ఒక గార్డు గేటు దగ్గర సిగరెట్ లాక్కోవడం వల్ల ఇంత జరుగుతుందని గార్డుకు ఎలా తెలుస్తుంది? ఆసుపత్రికి తెలిసి ఉండాలి.

"ఒక మూల షెడ్డు వేసి అక్కడ తాగనివ్వండి, గొడవ పోతుంది" అంటారు. మంచి మనసుతోనే అంటారు. నేను ఒప్పుకోను. మూడు రోజులు సిగరెట్ లేకుండా గడిపిన రోగి నడక మొదలుపెట్టిన రోజున ఆ షెడ్డు పక్కనుంచే వెళతాడు. అక్కడ నలుగురుంటారు, ఒకరు అగ్గిపెట్టె ఇస్తారు. షెడ్డు ఉన్న ఆసుపత్రిలో ప్యాచ్ అడగాలని డాక్టరుకూ గుర్తుండదు. అయితే షెడ్డు లేకపోతే జనం గేటు బయట రోడ్డు మీద నిలబడతారన్నది నిజం. చీకట్లో రోడ్డు దాటే రోగి ప్రమాదంలో ఉంటాడు, ఇరుగుపొరుగు ఇళ్లవాళ్లకు ఇబ్బంది. మందు ఇచ్చినా కొంతమంది వెళతారు. ఆ కొంతమంది కోసం గేటు దగ్గర దీపం, నడవగలిగే దారి ఉండాలి. ఎవరూ వెళ్లరన్నట్టు నటించకూడదు.

చనిపోబోతున్నవాళ్ల విషయంలో మాత్రం నా మనసు వేరేగా చెబుతుంది. కొద్ది రోజులే మిగిలిన మనిషి ఒక సిగరెట్ అడిగితే, ఏ మంచి కోసం కాదంటాం? డాక్టరు కేస్ షీటులో రాసి, ఆక్సిజన్ తీసేసి, తగినంత సేపు ఆగి, వీల్‌చైర్‌లో బయటకు, అందరికీ దూరంగా తీసుకెళ్లాలి. పక్కన ఒకరుండాలి. దొంగచాటుగా కాదు, దయతో, నియమంగా. ఈ ఒక్క మినహాయింపును చూపించి మొత్తం నిషేధాన్ని సడలించమనేవాళ్లతో నేను ఏకీభవించను. దీన్ని కూడా కాదనే కఠినులతోనూ ఏకీభవించను.

మనం ఎప్పుడూ మర్చిపోయేది పేషెంట్ తాలూకు వాళ్లను. ఆవరణలో కాల్చేవాళ్లలో చాలామంది వాళ్లే. వాళ్లకు కేస్ షీటు లేదు, మంచం లేదు, రోజుల తరబడి కుర్చీల్లోనూ నేల మీదా పడుకుంటారు. ఏ డాక్టరూ వాళ్లను చూడడు. రోగితో పాటు ఇంటికి వెళ్లేది మాత్రం వాళ్లే. భర్తకు గుండె ఆపరేషన్ చేయించి, ఇంట్లో అన్నయ్య అదే గదిలో కాలుస్తుంటే ఆయన ఎన్నాళ్లు మానగలడు? అడ్మిషన్ రోజున అటెండెంటుగా ఉండేవాళ్లను కూడా ఒక మాట అడగాలి. వాళ్లకూ గమ్ ఇవ్వాలి, రోగి మానుతున్నాడని, ఇంట్లో పొగ ఉండకూడదని వివరంగా చెప్పాలి.

చివరగా డిశ్చార్జి. ఆసుపత్రిలో మొదలుపెట్టిన సాయం ఇంటికి వెళ్లాక కనీసం నెల రోజులు కొనసాగినప్పుడే ఫలితం స్పష్టంగా కనిపించిందని, ఎన్నో పరిశోధనలను కలిపి పరిశీలించే కాక్రేన్ సమీక్షలు తేల్చాయి. మంచం మీద ఒక్కసారి చెప్పి వదిలేస్తే పెద్దగా మారదు. కెనడాలో ఒటావా విశ్వవిద్యాలయ హృద్రోగ సంస్థ 2002 నుంచి దీన్నే ఒక పద్ధతిగా చేసింది: అడ్మిట్ అయిన ప్రతి రోగినీ పొగ గురించి అడగడం, మందు మొదలుపెట్టడం, ఇంటికి వెళ్లాక ఫోన్లు చేయడం. ఆ పద్ధతి తర్వాత ఎన్నో ఆసుపత్రులకు పాకింది. మన వార్డుల్లో డిశ్చార్జి చీటీ మీద బీపీ మాత్ర ఉంటుంది, కుట్లు విప్పే తేదీ ఉంటుంది. ప్యాచ్ కూడా అదే చీటీలో రాయండి, ఎన్ని వారాలో రాయండి. మొదటి ఫోన్ వారంలోపు ఎవరు చేస్తారో ఆ నర్సు పేరు రాయండి. ఆ ఫోన్లకు డ్యూటీ చార్టులో గంట కేటాయించండి, ఎందుకంటే కేటాయించని పని మాకు రాత్రి పన్నెండు దాటాక కూడా కుదరదు.